నూట పదమూడో పేజీ

మీరు సగం చదివి పక్కన పడేసి, ఆ తర్వాత జన్మంతా పోట్లాడిన పుస్తకాలు ఎన్ని? మొహమాటం లేకుండా నిజం చెప్పండి. సభలో "చదివాను" అని బల్ల గుద్దారు, తీరా చూస్తే మీరు చదివింది ముందుమాటలో ఒక పేరా, మధ్యలో నాలుగు పేజీలు, అట్ట వెనక రెండు ముక్కలు. నేనేమీ అనను. అనే అర్హత నాకు లేదు. నేను ఒక పుస్తకాన్ని, దాన్ని రాసినాయన నమ్మినదానికి సరిగ్గా ఎదురు అర్థంలో, నలుగురి ముందూ గొంతెత్తి చదివి, నా ప్రాణస్నేహితుడి పెళ్లి చెడగొట్టబోయాను. పైగా ఆ పుస్తకం క్రైస్తవుల బాప్తిస్మం మీద. నేనేమో దేవుడు లేడని ఊరూరా మైకు పట్టుకుని చెప్పుకు తిరిగే మనిషిని.

ఆ రోజుల్లో మాకు వాదమంటే కబడ్డీ. అవతలి గీత దాటాలి, ఒకణ్ణి తాకాలి, ఊపిరి ఆగేలోపు మన గీత ఇవతలికి వచ్చి పడాలి. అవతలి వైపు ఎంతసేపున్నాం, అక్కడ ఏముంది అన్నది ఎవరికీ పట్టేది కాదు. నాకు ఇరవై నాలుగేళ్లు. గుంటూరు వైపు మిరప పండించే ఇంట్లో పుట్టి, ఒంగోలులో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు గ్రంథాలయం హాల్లో మా సంస్కరణ సభ. అక్కడ మాకు వాదం నేర్పిన పెద్దాయన (పేరు రాయను, ముఖస్తుతి ఆయనకు పడేది కాదు) ఒక సూత్రం పదేపదే చెప్పేవాడు. ఎదుటివాణ్ణి నీ సాక్షితో ఓడించకు, వాడి ఇంట్లోంచే సాక్షిని పట్టుకురా అని. నేను ఆ సూత్రాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, నా గదిలో నా పక్షం పుస్తకాలు రెండుంటే అవతలి పక్షం పుస్తకాలు బస్తాడు ఉండేవి. పురాణాలు, వ్రతకథలు, పాత మతగ్రంథాలు. ఒకసారి మా నాన్న మిరపకాయలు అమ్ముకుని అటుగా వచ్చి, గది నాలుగు మూలలా చూసి, "ఏరా, దేవుడు లేడన్నావు గదా. మరి ఆయన సామానంతా నీ గదిలో ఉందేం?" అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు ఉంది. కానీ ఆయన వినకుండా పడుకున్నాడు.

ఆ గదిలో నాతోపాటు ఉండేవాడు పొడుగోడు. కరెంటాఫీసులో గుమాస్తా. స్తంభాలెక్కే పని ఇచ్చుంటే నిచ్చెన ఖర్చు మిగిలేదని వాళ్ల ఆఫీసులో నవ్వుకునేవాళ్లు. సింగరాయకొండ దగ్గరి పల్లె వాడిది. వాడు ఒంగోలు ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సమ్మను ప్రేమించాడు. ఆవిడా వాణ్ణి ప్రేమించింది. ఇద్దరూ క్రైస్తవులే, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఇద్దరి వైపూ పెద్దలు మంచివాళ్లు. ఇంకేం అడ్డం అంటారా? నీళ్లు.

ఇది హిందువుల ఇళ్లలో పుట్టినవాళ్లకు కొంచెం చెప్పాలి (నాకూ పొడుగోడే చెప్పాడు). మా జిల్లాల్లో చర్చికి వెళ్లేవాళ్లంతా ఒకటే అని మనం అనుకుంటాం. కాదు. ఎన్నో సంఘాలున్నాయి, వాటి పేర్లు ఇక్కడ అక్కర్లేదు. మన కథకు ముంచేవాళ్లు, చిలకరించేవాళ్లు అనే రెండు పేర్లు చాలు. ముంచేవాళ్ల లెక్కలో మనిషి ఎదిగి, తెలిసి, తన నోటితో తాను ఒప్పుకుని, నిలువునా నీళ్లలో మునిగి లేస్తేనే బాప్తిస్మం. చిలకరించేవాళ్ల లెక్కలో చంకలో బిడ్డ నెత్తిమీద మూడు దోసిళ్ల నీళ్లు పోసినా చాలు. నర్సమ్మ తండ్రి ముంచేవాళ్ల పక్షం. కనిగిరి వైపు హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. పొడుగోణ్ణి ఆయన కూర్చోబెట్టి అన్నీ అడిగి, అన్నిటికీ తల ఊపి, చివర్లో, "అంతా బాగుంది బాబూ. బాప్తిస్మం ఒక్కటే లేదు" అన్నాడట.

"ఉందండీ, చిన్నప్పుడే ఇచ్చారు" అన్నాడు వీడు.

"తల తడిస్తే బాప్తిస్మం కాదు బాబూ. అది తలంటు."

పొడుగోడికి పౌరుషం లేదు, ప్రేమ ఉంది. గదికి వచ్చి, "ముంచితే ముంచనీరా. పది నిమిషాల పని. పిల్లనిస్తానంటే కాలవలో కాదు, ఉప్పుటేట్లో కూడా మునుగుతా" అన్నాడు. మరి ఇంకేం అంటే, మంచం మీద కూలబడి, "మామ్మ" అన్నాడు.

మామ్మ అంటే వాళ్ల నాయనమ్మ. ఆవిడ సంగతి చెబితే గానీ మీకు మిగతాది అర్థం కాదు. పొడుగోడు పుట్టిన తొమ్మిదో రోజున తుపాను. రోడ్డు తెగింది. పసివాడికి జ్వరం, ఒళ్లు కాలిపోతోంది, పాలు పట్టడం లేదు. తల్లికి పురిటి జ్వరం, తెలివి లేదు (ఆ వారమే పోయింది). తండ్రి లారీ మీద ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలీదు. పాస్టరుగారు రావడానికి దారి లేదు. అలాంటప్పుడు విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చని వాళ్ల సంఘంలో ఒక ఏర్పాటుంది. పట్టపగలే చీకటి కమ్మిన ఆ వానలో మామ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురి పేర్లూ చెప్పి, మూడు దోసిళ్లు బిడ్డ నెత్తిన పోసింది. బిడ్డ కేర్‌మన్నాడు, పాలు తాగాడు. వాన వెలిశాక పాస్టరుగారు వచ్చి, నువ్విచ్చింది చెల్లుతుందమ్మా అని రిజిస్టర్లో రాశాడు. ఆ పిల్లవాడు ఆరడుగుల రెండంగుళాలు ఎదిగాడు. ఇప్పుడు వాణ్ణి మళ్లీ ముంచడమంటే, ఆ రోజు ఆవిడ చేతిలోంచి జారింది ఉత్త నీళ్లని ఒప్పుకోవడం. "నన్ను ఎవురేమన్నా పడతా గానీ, నా చేతిని అనబాకండి" అని ఆవిడ తెగేసి చెప్పింది. మామ్మ ఒప్పుకోకుండా పొడుగోడు మునగడు. వాడు మునగకుండా మాస్టారు పిల్లనివ్వడు.

అప్పుడు నేను కలగజేసుకున్నాను. ఎవరూ అడగలేదు. ఇంత నీళ్ల కోసం ఇద్దరు మనుషులు విడిపోవడం అన్యాయమని నాకు నిజంగానే అనిపించింది. దాంతోపాటు, ఒక మతవాదంలో నాస్తికుడు తీర్పు చెప్పి పెళ్లి చేయించాడంటే మా సభలో ఎలా ఉంటుందో కూడా అనిపించింది. (రెండోది ముందు అనిపించిందేమో, ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు.) నేరుగా పాత పేపర్ల కొట్టుకు వెళ్లాను. ఎక్కడో మూతపడ్డ దొరల బంగళాలోంచి వచ్చిన పుస్తకాలు అక్కడ గుట్టగా పడి ఉన్నాయి, పక్కనే బజ్జీల బండి వాటికోసం కాచుకుని ఉంది. ఆ గుట్టలో నాకు దొరికింది: బాప్తిస్మం మీద ఒక మెథడిస్టు పండితుడు రాసిన ఇంగ్లీషు పుస్తకం. నూరేళ్లు దాటిన సరుకు. నల్ల గుడ్డ అట్ట, వెన్నుమీద బంగారు అక్షరాలు సగం రాలాయి, పేజీల అంచులు ఎలకలు కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. కొట్టాయన తూకం వేస్తూ, "సగం దాకానే వాడారు సార్. మిగతా సగం కొత్తదే" అన్నాడు. నేను నవ్వాను. ఆ మనిషి ఆ రోజు నాతో చెప్పినంత నిజం మరెవరూ చెప్పలేదని తర్వాత తెలిసింది.

మెథడిస్టులు చిలకరించే పక్షం. అంటే మామ్మ ఇంటి సాక్షి. గదికి తెచ్చి తిరగేస్తే ఏం చెప్పను, నా పంట పండింది. ఎనభై, తొంభై పేజీల దగ్గర్నుంచీ ఎవరో పాత యజమాని పెన్సిలుతో గీతలు కొట్టి పెట్టాడు. గీతల కింద ఏముంది? బాప్తిస్మమన్న మాటకు మునగడమనే అసలు అర్థమని ఉంది. చెంబెడు నీళ్లకైతే ఎవరూ నది దాకా నడిచి వెళ్లరని ఉంది. ఏడ్వడం తప్ప ఏమీ తెలియని పసిబిడ్డకు ఒప్పుకోలు ఎక్కడిదని ఉంది. ఒక్కొక్క వాక్యం ఇనపగుండు. చిలకరించేవాళ్ల పండితుడే ముంచడం సరైనదని ముప్పై పేజీలు రాశాడు. ఇంతకంటే సాక్షి ఎక్కడ దొరుకుతాడు? నేను గీతల మీదుగా పరిగెత్తి (అప్పట్లో నేను పుస్తకాలను అలాగే చదివేవాణ్ణి, దిగువన కాలవ ఉంటే గట్టుమీద నడిచినట్టు), నూట పదమూడో పేజీలో గీతలు ఆగిపోగానే నేనూ ఆగిపోయాను. పేజీ తిప్పితే నూట పదహారు వచ్చింది, వాక్యం మధ్యలోంచి మొదలైంది. అచ్చుతప్పు అనుకుని పుస్తకం మూసి, కావలసినవి తెలుగులోకి దింపుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మామ్మ ఇంట్లో కూర్చున్నాం. మామ్మ, మాస్టారు, నర్సమ్మ, పొడుగోడు, నేను. పొడుగోడు కొత్త చొక్కా వేసుకుని, దూలం తగలకుండా తల వంచుకుని, ఏ తప్పూ చేయని దొంగలా నిలబడ్డాడు. మామ్మ నిమ్మకాయ నీళ్లు కలుపుతోంది. నన్ను చూసి, "ఈ అబ్బాయి ఏ సంగం?" అని అడిగింది.

"నాకు ఏ సంఘమూ లేదండీ. నాస్తికుణ్ణి" అన్నాను, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి.

"పోన్లే, నీళ్లయితే తాగుతావుగా" అని గ్లాసు చేతికిచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. కూర్చునే చెప్పొచ్చు, అయిదుగురమే ఉన్నాం, కానీ నాకు నిలబడితే తప్ప వాదం వచ్చేది కాదు. మామ్మగారి సంఘాన్ని నేను ఒక్క మాట అనననీ, వాళ్ల పండితుడి చేతే చెప్పిస్తాననీ మొదలుపెట్టి, గీతలున్న వాక్యాలన్నీ ఒక్కొక్కటే చదివాను. చదువుతున్నకొద్దీ మాస్టారి ముఖం విచ్చుకుంది. "నాస్తికుడైనా న్యాయం మాట్లాడుతున్నాడు" అన్నాడు. నర్సమ్మ మాత్రం నన్ను చూడకుండా మామ్మనే చూస్తోంది. నేను పసిబిడ్డ ఒప్పుకోలు దగ్గరికి వచ్చి గొంతు పెంచి, ఆగి (ఎక్కడ ఆగాలో నాకు బాగా తెలుసు), పుస్తకం మూసి, చప్పట్ల కోసం చూసినట్టు చూశాను.

మామ్మ చెంచా పక్కన పెట్టింది. తర్వాత తన కుడి అరచేతిని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని దానికేసే చూస్తూ, "అయితే ఆ రోజు నేను పోసింది ఉత్త నీళ్లేనా?" అంది. ఎవరినీ అడగలేదు, చేతినే అడిగినట్టు అడిగింది. "మా పెద్దోళ్లే అట్టా రాశారా? పోనీలే. ముంచుకోండయ్యా. నా మాటదేముంది."

నేను గెలిచాను. మా పెద్దాయన సూత్రం అక్షరాలా పనిచేసింది. కానీ పొడుగోడు నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, అది నేను ఇవాళ్టికీ మర్చిపోలేదు. ఆ చూపును తప్పించుకోవడానికే, ఇంకా ఏదో ఒకటి చేయాలి గనక, పుస్తకం నూట పదమూడో పేజీ దగ్గర తెరిచి, తీసుకెళ్లి మామ్మ ఒళ్లో పెట్టి, "నా మాట కాదు మామ్మా, కావాలంటే చూడండి. అచ్చులో ఉంది" అన్నాను. ఆవిడకి తెలుగు చదవడం వచ్చు గానీ ఇంగ్లీషు రాదు. ఆ సంగతి తెలిసే చూడమన్నాను. ఇంతకంటే నా గురించి చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

మామ్మ చెయ్యి పైట చెంగుకు తుడుచుకుని, నూట పదమూడో పేజీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. చదివేవాళ్లు పట్టుకున్నట్టు లేదు. నలిపి చూసింది. దాని ముందు కాగితాలనూ, తర్వాతి కాగితాలనూ నలిపింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ముప్పై ఏళ్లు పొగాకు గ్రేడింగులో కూర్చున్న చేతులవి. ఆకు రంగు, సాగుడు, మందం వేళ్లతోనే చెప్పేది. కళ్లు పక్కావిడతో కబుర్లలో ఉండేవట.

"అబ్బాయ్, ఈ ఆకు మందంగా ఉందేం?"

"పాత కాగితం మామ్మా. పాతవి మందంగానే ఉంటాయి."

"మరి ముందరి ఆకులు పలచంగా ఉన్నాయిగా. ఇది మొదలు అన్నీ మందమే. ఒక చెట్టు ఆకుల్లో ఇంత తేడా రాదు." ఇంకోసారి నలిపింది. "ఇది ఒక ఆకు కాదు. రెండు. అంటుకున్నాయి. విడదీయకుండానే కట్ట కట్టావా నువ్వు? మా మేస్త్రీ అయితే మొహాన గొట్టేవాడు."

నర్సమ్మ గబుక్కున వచ్చి వంగి చూసింది. "నూట పదమూడు తర్వాత నూట పదహారు ఉందండీ. మధ్యలో రెండు పేజీలు ఏమయ్యాయి?"

"అచ్చుతప్పేమో" అన్నాను.

"అచ్చుతప్పు రెండు పేజీలు మింగదయ్యా" అన్నాడు హెడ్మాస్టరు.

నిమ్మకాయలు కోసిన కత్తి అక్కడే ఉంది. నర్సమ్మ దాన్ని కడిగి తుడిచి, కుట్లు విప్పినంత నిదానంగా ఆ రెండు కాగితాల మడత కోసింది. (పూర్వం పెద్ద కాగితం మీద అచ్చేసి, మడతలు పెట్టి, అంచు కత్తిరించకుండానే కుట్టేసేవాళ్లనీ, చదివేవాడే కోసుకుంటూ చదువుకోవాలనీ నాకు తర్వాత తెలిసింది. అంటే పాత యజమాని కూడా నూట పదమూడు దాకా కోసుకుని, తనకు కావలసింది దొరకగానే కత్తి కింద పెట్టేశాడన్న మాట. నాకంటే ముందు నాలాంటివాడొకడు ఈ జిల్లాల్లో తిరిగాడు.) కాగితాలు విచ్చుకున్నాయి. నూరేళ్లుగా ఎవరూ చూడని పేజీ, తెల్లగా ఉంది. నర్సమ్మ మొదటి వాక్యం తనలో తాను చదువుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంటమ్మా?" అన్నాడు మాస్టారు.

"ఇంతవరకూ చెప్పింది తన మాట కాదంట నాన్నా. ముంచేవాళ్ల మాటంట. వాళ్లే వచ్చి చెప్పుకున్నా ఇంతకంటే బాగా చెప్పుకోలేనంతగా చెబుదామని ప్రయత్నించాడంట. ఇక తన జవాబు మొదలుపెడుతున్నానంటున్నాడు."

ఆ తర్వాత ఆమె ఇంకో పేజీ కోసింది, ఇంకోటి కోసింది. బైబిల్లో ఒక చెరసాల కాపరికి రాత్రికి రాత్రి బాప్తిస్మం ఇచ్చారే, అతని ఇంట్లో నది ఎక్కడిదని అడిగాడు ఆయన. ఒక్కరోజే ఒక నగరంలో వేలమంది బాప్తిస్మం పొందారని కూడా అందులో ఉందే, అంతమందిని ముంచడానికి అక్కడ అంత నీరేదని అడిగాడు. కృపకు నీళ్ల కొలతతో పని లేదన్నాడు. నేను నా గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాను. గదిలో నిలబడి ఉన్నది ఇద్దరమే. ఒకడు పొడుగు వల్ల, ఒకడు సిగ్గువల్ల.

"అయితే ఆయన మనోడేనా?" అంది మామ్మ.

"మీవాడే మామ్మగారూ" అంది నర్సమ్మ.

"మరి ఇంతసేపూ మీ నాయన మాట ఎందుకు మాట్లాడాడు?"

"నాన్న మాటని నాన్నకంటే బాగా చెప్పి, ఆ తర్వాతే జవాబు చెబుదామని."

మామ్మ ఒళ్లోని చేతిని తిరగేసుకుంది. నా వైపు చూసి, "ఏం నాయనా, చదివి రాలేదా?" అంది.

"నూట పదమూడు దాకా చదివానండి."

"అందులోనూ గీతలున్న చోట్లే" అన్నాడు పొడుగోడు. ఆ రోజు వాడు మాట్లాడిన మొదటి మాట అదే. మామ్మ నవ్వింది, నర్సమ్మ నవ్వింది. మాస్టారు నవ్వలేదు. కూతురి చేతిలోంచి పుస్తకం తీసుకుని ఆ ముప్పై పేజీలూ వెనక్కి తిప్పి చూస్తున్నాడు. కాసేపటికి లేచి, "ఇది నాకు పది రోజులు కావాలి" అన్నాడు.

"తీసుకెళ్లండి అన్నయ్యగారూ. అంటుకున్న ఆకులన్నీ విడదీసి మరీ చదవండి" అంది మామ్మ.

ఆ పది రోజులూ పొడుగోడు నాతో మాట్లాడలేదు. ఒకటే గది, ఒకటే కుండ, ఒకటే కిటికీ. ఏదైనా చెప్పవలసి వస్తే గోడకు చెప్పేవాడు. "కిరసనాయిలు అయిపోయింది" అని గోడకు చెబితే నేను వెళ్లి తెచ్చేవాణ్ణి. ఏడో రోజున ఉండబట్టలేక, ఒకవేళ మాస్టారు కాదంటే నేను స్వయంగా వెళ్లి ఆయనతో వాదిస్తానని అన్నాను. "నువ్వు మాత్రం వెళ్లబాకు" అని గోడవైపు కాకుండా నా వైపే తిరిగి చెప్పాడు. మాటలు కలిసినందుకు సంతోషించాను.

పది రోజులూ గడిచాయి. మాస్టారు పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టుకుని మామ్మ ఇంటికి వచ్చాడు. చివరి పేజీ దాకా కోశాడు. మొదటి సగంలో పాతవాడి పెన్సిలు గీతలు, రెండో సగంలో మాస్టారి ప్రశ్నార్థకాలు, ఎర్రసిరాతో, స్కూలు పేపర్లు దిద్దినట్టు. కూర్చుని, కళ్లజోడు తుడుచుకుని, "ఆయన జవాబు నాకు ఆనలేదమ్మా. నలభై ఏళ్లుగా నమ్మింది ఇవాళా నమ్ముతున్నా. మునగడమే బాప్తిస్మం" అన్నాడు. పొడుగోడు దూలం కింద ఇంకాస్త వంగాడు. (వాడికి వంగడానికి చోటెక్కువ.)

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నాడు. "కానీ ఒక్క సంగతి. నా పక్షం మాటని నేను ఎంతోమందికి బోధించాను. ఈయన చెప్పినంత బాగా నేను ఎన్నడూ చెప్పలేదు. మీ పక్షం మాట సంగతి చెప్పనే అక్కర్లేదు. తలంటు అన్నాను. మీ ఇంట్లో ఆ తుపాను రోజున ఏం జరిగిందో ఒక్కసారన్నా అడిగానా? ఎదుటివాడి మాట అంత నిజాయితీగా చెప్పే మనిషి మీ పక్షంలో ఉంటే, ఆ పక్షంతో వియ్యమందడానికి నాకు అభ్యంతరమేముంటుంది? పిల్లవాడు మునగనక్కర్లేదు. నేను ఒప్పుకున్నానని మాత్రం అనుకోవద్దు."

"ఒప్పుకోమని ఎవరన్నారు అన్నయ్యగారూ? పిల్లనివ్వమన్నాం" అంది మామ్మ, నిమ్మకాయ నీళ్లు అందిస్తూ.

పెళ్లి జరిగింది. ముంచే పాస్టరుగారు ఒక ప్రార్థన, చిలకరించే పాస్టరుగారు ఒక ప్రార్థన చేశారు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గోంగూర మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. పెళ్లయిన మొదటి తొలకరికి అల్లుడు నిలువునా తడిసి ఇంటికొస్తే మాస్టారు అరుగు మీదే కూర్చుని, "ఇవాళ్టికి నా పక్షం నెగ్గింది" అన్నాడట. లోపల్నుంచి నర్సమ్మ తువ్వాలు తెస్తూ, "పైనుంచి పడ్డాయి నాన్నా. అది చిలకరింపు" అందట. ఆ ఇంట్లో ఆ వాదం చివరిదాకా అలాగే సాగింది. ఎవరూ గెలవలేదు, ఎవరూ భోజనం మానలేదు.

మాస్టారు పోయాక నర్సమ్మ ఆ పుస్తకాన్ని నాకు పంపింది. ఇప్పుడు నా బల్లమీదే ఉంది. నేను దేవుణ్ణి నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. ఈ మాట గట్టిగానే చెబుతాను, ఈ కథ విని ఎవరైనా ఆశపడితే వాళ్లకు నిరాశే. కానీ ఆ మెథడిస్టు పెద్దాయన, నాతో ఏ ఒక్క విషయంలోనూ ఏకీభవించని మనిషి, కబడ్డీలో అవతలి గీత దాటి, తాకి పరిగెత్తకుండా, అక్కడే చాప వేసుకుని ముప్పై పేజీల సేపు కూర్చున్నాడు. వాళ్ల అన్నం తిని, వాళ్ల మాట వాళ్లకంటే బాగా చెప్పి, అప్పుడు లేచి తన ఇంటికి వచ్చాడు. నేను పొరబడింది ఆయన మోసం చేసినందుకు కాదు, ఆయన అంత న్యాయంగా ఉన్నందుకు. నా జన్మలో నేను అలాంటి ముప్పై పేజీలు రాయగలనా అని చాలాకాలం అనుకునేవాణ్ణి.

మొన్న ఒక కుర్ర హేతువాది నా ఫోనుకు ఒక ఫోటో పంపాడు. నేనే రాసిన వ్యాసంలో ఒక పేరా. మొక్కుబడుల గురించి. మనిషి ఎందుకు మొక్కుకుంటాడో, ఆసుపత్రి వరండాలో చేతులు కట్టుకుని కూర్చున్నవాడికి అది ఎంత ఆసరానో రాశాను. దాని కింద ఆ అబ్బాయి, "మీరు కూడా మారిపోయారా సార్? ఇన్నాళ్లూ మిమ్మల్ని నమ్మాం" అని రాశాడు. తర్వాతి పేరాలో నా జవాబు ఉంది. వాడు అక్కడిదాకా వెళ్లలేదు. కోపం రావాలి నాకు. రాలేదు. చాలాసేపు ఆ ఫోటో చూసుకుంటూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను. పొడుగోడికి పంపాను. "గీత కొట్టలేదేం?" అని వాడు జవాబిచ్చాడు. ఆ అబ్బాయికి మాత్రం ఒకటే రాశాను, పేజీ తిప్పు నాయనా అని.

మీకూ అదే చెబుతున్నాను. చదవడం ఆపి ఇప్పుడే లేవండి. మీ బీరువాలో మీకు ఒళ్లు మండించే పుస్తకం ఒకటి తప్పకుండా ఉంటుంది, మీరు ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఒక గుర్తు కూడా ఉండే ఉంటుంది. అక్కణ్ణుంచి చివరిదాకా చదవండి. అంటుకున్న కాగితాలుంటే కోయండి. ఆ తర్వాత దాని వాదాన్ని, దాన్ని నమ్మేవాడు విని "అవును, ఇదే నా మాట" అనేలా ఒక్క పేజీ రాయండి. రాసి దాచుకోవద్దు. మీకు తెలిసినవాళ్లలో ఆ పక్షం మనిషి ఇంటికి వెళ్లి, వాళ్లిచ్చిన నీళ్లు తాగి, ఎదురుగా కూర్చుని చదివి వినిపించండి. వాడు అవునన్నాడా, అప్పుడు రండి నా దగ్గరికి. మీ పోట్లాట ఏమిటో వింటాను.